మందు లేని పుదీనా

మా తమ్ముణ్ణి ఫ్యాక్టరీలో అందరూ పిప్పరమెంటు అంటారు. ఎదురుగా ఉంటే పిప్పరమెంటు గారు, వెనక్కి తిరిగితే పిప్పరమెంటు గాడు. రెండూ వాడికి తెలుసు. ఏ పిలుపుకైనా పలుకుతాడు, దేనికీ నొచ్చుకోడు. నోట్లో నాలుక లేని మనిషి. అలాంటివాడి ఉద్యోగం జనం నోళ్లలో కొట్టుకునే స్ప్రే తయారు చేయడం. తలుచుకుంటే నాకు నవ్వూ వస్తుంది, ఒళ్లూ మండుతుంది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది లెండి. ఇద్దరికీ రావలసిన నోరు నాకొక్కదానికే వచ్చిందని మా అమ్మ అంటుండేది.

మాది చిన్న ఫ్యాక్టరీ. పళ్లపొడి, పుక్కిలించే మందు, నోటి స్ప్రే, అంతే. నేను కింద ప్యాకింగులో ఉంటాను. బెల్టు మీద సీసాలు వస్తుంటే మూత వంకరపోయినదాన్నీ, లేబుల్ ముడతపడ్డదాన్నీ ఏరి పక్కన పెట్టించడం నా పని. మా తమ్ముడు పైన ల్యాబులో ఉంటాడు. ల్యాబంటే పెద్దగా ఊహించుకోకండి. ఒక పొడుగాటి బల్ల, తూకం వేసే త్రాసు, గాజు బీకర్లు, అయస్కాంతం ముక్కను గిరగిరా తిప్పి ద్రవాన్ని కలిపే చిన్న యంత్రం, పాత ఫ్రిజ్. ఒక కిటికీ ఉంది. అందులోంచి చూస్తే బస్సులు ఆగే చోటూ, ఎక్కేవాళ్లూ దిగేవాళ్లూ కనిపిస్తారు. వాడు మధ్యాహ్నం డబ్బాలో అన్నం అక్కడే నిలబడి తింటాడు.

స్ప్రే సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే వాడి సంగతి అర్థం కాదు. పుదీనా నూనె నీళ్లలో కలవదు, పైకి తేలి కూర్చుంటుంది. కలపడానికి అందరికీ తెలిసిన సులువైన దారి స్పిరిట్, అంటే ఆల్కహాలే. స్పిరిట్ పోస్తే నూనె కరుగుతుంది, సరుకు చెడిపోదు, నాజిల్ నొక్కితే మంచులా సన్నగా పడుతుంది, నాలుక మీద చురుక్కుమంటుంది. మా స్ప్రేలో సగానికి పైగా అదే ఉండేది.

మా తమ్ముడికి తాగుడు అలవాటుండేది. ఫ్యాక్టరీ స్పిరిట్ మాత్రం ఏనాడూ ముట్టలేదు, ఆ నిజాయితీ ఒకటి ఏడిచింది. పని అయ్యాక ఇంటికి వెళ్లే దారిలో ఎక్కడో ఆగేవాడు. తర్వాత ఇంటి మలుపులో నిలబడి, జేబులోంచి తన చేత్తో చేసిన స్ప్రే తీసి నోరంతా కొట్టుకునేవాడు. తను కలిపిన పుదీనాతో తన తాగుడే కప్పుకునేవాడన్నమాట. మా మరదలు తలుపు తీసి, గడపలోనే నిలబెట్టి, “ఏదీ, హా అను” అనేది. వీడు హా అనేవాడు. పుదీనా వచ్చేది. ఆవిడ ఇంకేమీ అనకుండా పక్కకు జరిగేది. ఆవిడకు తెలియడం లేదని అనుకునేవాడు ఈ వెర్రిబాగులవాడు. తెలియకపోవడమేమిటి? తాగని రోజున ఎవరైనా ఇంటి మలుపులో నిలబడి పుదీనా కొట్టుకుని వస్తారా?

ఆవిడ గుండె జబ్బుతో పోయింది. అప్పటికి వాళ్లమ్మాయి ఇంకా బడికి వెళ్తోంది. దాన్ని మేం అమ్మలు అని పిలుస్తాం. నేనే మా ఇంటికి తెచ్చుకుని పెంచాను. ఆ ఏడే మా తమ్ముడు తాగుడు మానేశాడు. మానాడంటే మానాడు, మళ్లీ చుక్క ముట్టలేదు. ఆవిడ ఉన్నప్పుడు మానలేనివాడు, పోయాక మానాడు. దీనికి వాణ్ణి మెచ్చుకోవాలో చెంప పగలగొట్టాలో నాకు ఇప్పటికీ తేలలేదు.

మా వీధి చివర మేడ మీద ఒక గది అద్దెకు తీసుకుని ఉంటున్నాడు. ఎప్పుడైనా కూర పట్టుకెళ్లి ఇచ్చేటప్పుడు లోపలికి తొంగిచూస్తాను. ఒక మంచం, ఒక కుర్చీ, ఒక కంచం, కిటికీలో గ్లాసు, గ్లాసులో ఒకే ఒక్క పళ్ల బ్రష్. కుర్చీ మీద ఎప్పుడూ బట్టలు ఉంటాయి. వచ్చి కూర్చునేవాళ్లు ఉంటే కదా బట్టలు తీసేది. రేడియో పెట్టుకోరా అంటే, “ఎందుకక్కా, బాగానే ఉంది” అంటాడు. నాకు ఆ గదిలో రెండు నిమిషాలకే ఊపిరాడదు. కూర గిన్నె పెట్టేసి, ఏదో ఒకటి తిట్టేసి వచ్చేస్తాను.

ఆ నోట్లో నాలుక లేని తండ్రికి పుట్టింది ముక్కుసూటి కూతురు. చిన్నప్పటి నుంచీ అంతే, ఉన్నమాట అనేస్తుంది. మా ఇంట్లో ఉన్నన్నాళ్లూ మామూలు పేస్టు ముట్టలేదు. ఉప్పుతో తోముకునేది. తర్వాత ఏదో కొట్లో లవంగం పేస్టు దొరికితే అదే పట్టుకుంది. నేను ఫ్యాక్టరీ నుంచి రాగానే, “అత్తా, ముందు స్నానం చేసిరా” అనేది. దీని పెంకితనం పాడుగానూ, మహా శుభ్రం వచ్చిపడింది అనుకునేదాన్ని. అంతకుమించి ఆలోచించలేదు.

అమ్మలుకి పెళ్లయింది. ఊళ్లోనే, బస్సెక్కితే అరగంట దూరం. ఆడపిల్ల పుట్టింది. ఆదివారం ఆదివారం నేనూ మా తమ్ముడూ వెళ్లేవాళ్లం. వాడు గుమ్మం పక్కన కుర్చీలో కూర్చునేవాడు. అమ్మలు ఎదురుగా, గది ఆ చివర కూర్చునేది. “బాగున్నావా నాన్నా”, “బాగున్నానమ్మా”. అంతటితో మాటలు అయిపోయేవి. పాప ఏదమ్మా అంటే, “నిద్రపోతోంది” అనేది. లోపలి గదిలోంచి గిలక చప్పుడు వినిపిస్తూనే ఉండేది. వాడు ఆ చప్పుడు విననట్టు తన కాళ్ల వైపు చూసుకుంటూ టీ తాగేవాడు. నేను లోపలికి వెళ్లి పాపను ఎత్తుకునేదాన్ని. బయటికి తెద్దామంటే అమ్మలు నా చెయ్యి పట్టుకుని వద్దన్నట్టు తల ఊపేది. మనవరాలు పుట్టి బోర్లా పడుతున్నా వాడింకా దాన్ని చేతుల్లోకి తీసుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఒకరోజు వాడే ఆ మాట ఎత్తాడు.

“నా బట్టలకి స్పిరిట్ వాసన పట్టేసిందక్కా. ఎంత ఉతికినా పోవట్లేదు. నేనింకా తాగుతున్నాననుకుంటోంది.”

“తాగట్లేదని చెప్పొచ్చుగా?”

“వాళ్లమ్మకి కూడా అదే చెప్పేవాణ్ణి.”

వాడు చెప్పింది నిజమే అనిపించింది. పొద్దస్తమానం స్పిరిట్ కొలిచే మనిషి, వాసన రాక ఏం చేస్తుంది?

సరిగ్గా ఆ రోజుల్లోనే గేటు దగ్గర ఒక బస్సు డ్రైవరు వచ్చి గొడవ పెట్టాడు. డ్యూటీ ఎక్కేముందు తాగాడో లేదో చూసే మిషన్లో ఊదమంటే ఊదాడట. అంతకుముందే మా స్ప్రే కొట్టుకున్నాడట. మిషన్ కుయ్యోమని అరిచిందట. పావుగంట ఆగి మళ్లీ ఊదితే ఏమీ లేదని తేలింది గానీ, ఈలోగా డిపోలో పరువంతా పోయింది. “జన్మలో చుక్క ముట్టనివాణ్ణి! నన్ను తాగుబోతుని చేశారు కదయ్యా!” అని సీసా ఊపుతూ కేకలు. మా యజమాని కిందికి దిగొచ్చి బతిమాలి, కొత్త పళ్లపొడి డబ్బాలు చేతిలో పెట్టి పంపించాడు.

మర్నాడు ఎవరూ పిలవకుండా మా తమ్ముడు యజమాని గదిలోకి వెళ్లాడు. ఇన్నేళ్లలో ఎప్పుడూ వెళ్లలేదు. నేను లేబుల్ కాగితాల మీద సంతకం కోసం వెళ్లి అక్కడే నిలబడి ఉన్నాను.

“మందు లేకుండా చేస్తాను సార్” అన్నాడు.

“పుక్కిలించే మందు అని మనమే రాస్తున్నాం కదయ్యా, మందు లేకుండా ఏం చేస్తావ్?”

“ఆ మందు కాదు సార్. తాగే మందు.”

యజమాని వీడి మొహం కాసేపు చూశాడు. వీడి పాత సంగతులు ఆయనకూ తెలుసు. “సరే, చెయ్యి. కానీ రుచి పాడవకూడదు. పుదీనా ఘాటు తగ్గకూడదు. మన సరుకంటే జనానికి ఆ పుదీనాయే” అన్నాడు.

వాడు మొదలుపెట్టాడు. మొదట చేసింది కుడితిలా తెల్లగా వచ్చింది. బీకరు పట్టుకుని ప్యాకింగులోకి దిగొస్తే మా వాళ్లంతా పడీపడీ నవ్వారు. నూనెనీ నీళ్లనీ కలిపి ఉంచే పదార్థాలు ఉంటాయట, సబ్బులాంటి గుణం ఉన్నవి. అవి ఎక్కువ వేస్తే ద్రవం అద్దంలా తేటగా వచ్చింది. నా నోట్లో కొట్టి, “ఎలా ఉందక్కా?” అన్నాడు.

“గిన్నెలు తోమిన నీళ్లు తాగినట్టుంది. థూ!”

తగ్గిస్తే మళ్లీ మసక. చివరికి వాడికి కిటుకు పట్టుబడింది. ముందు పుదీనా పువ్వు పలుకుల్ని, అంటే మెంథాల్‌ని, నూనెలో కరిగించి, ఆ సబ్బుగుణం ఉన్నదాన్ని అందులోనే గోరువెచ్చగా కలిపేసి, ఆ తర్వాత నీళ్లు చుక్కచుక్కగా పోయాలట. తొందరపడి నీళ్లలో నూనె పోస్తే అంతా విరిగినట్టు అయిపోతుందట. వాడికి తొందర లేదు. ఇంటికి వెళ్లి మాత్రం ఏం చేస్తాడు గనక.

తేటగా వచ్చిన సీసాలు కొన్నాళ్లకు అడుగున జిగురు కట్టాయి. చెడిపోకుండా కాపలా కాసింది ఇన్నాళ్లూ స్పిరిటే కదా, అది లేకపోయేసరికి క్రిములు కాపురం పెట్టాయి. దానికి వేరే మందు వెతికి, నిమ్మ ఉప్పుతో పులుపు సరిచూసి, మళ్లీ చేశాడు. ఈసారి నాజిల్ నొక్కితే మంచులా పడలేదు, పిచికారీలా ఒకే ధారగా వచ్చి నా కొండనాలుకకు తగిలింది. నేను దగ్గీ దగ్గీ వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. గ్లిజరిన్ ఎక్కువై చిక్కబడిందట. అది తగ్గిస్తే తీపి తగ్గింది. తీపికి ఇంకోటి వేశాడు. కొత్త నాజిళ్లు తెప్పించాడు. ఇలా ఎండలు పోయి వానలొచ్చాయి.

అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. నోటి వాసన ఎవరిది వాళ్లకు తెలియదు. స్ప్రే పనిచేసిందో లేదో చెప్పాలంటే ఊపిరి తగిలేంత దగ్గరగా ఇంకో మనిషి నిలబడాలి. పెళ్లాం ఉన్నవాడికి పెళ్లాం చెప్తుంది, పిల్లలున్నవాడికి పిల్లలు మొహం తిప్పుకుని చెప్తారు. వాడికి నేనే ఉన్నాను. మధ్యాహ్నం తిండి అయ్యాక ఉల్లిపాయ ముక్క నమిలి, స్ప్రే కొట్టుకుని, నా దగ్గరికి వచ్చేవాడు.

“ఒకసారి చూడక్కా.”

“హా అను” అనేదాన్ని.

వాడు ఫ్యాక్టరీ పెరట్లో నిలబడి నా మొహం మీద హా అనేవాడు. తల నెరిసిన అక్కాతమ్ముళ్లం, ఒకళ్ల నోరు ఒకళ్లం వాసన చూస్తుంటే లోడింగు వాళ్లు ఈలలు వేసేవారు. వాళ్లను నేను కసిరేదాన్ని. మొదటిసారి ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడు వాడి మొహంలో ఏదో కదిలింది. మా మరదలి మాట అది. నాకు ఆలస్యంగా గుర్తొచ్చింది. అయినా నేను మానలేదు. ఏళ్ల తరబడి ఎవరూ దగ్గరికి రాని మనిషి, ఆ పని పేరు చెప్పి రోజూ నా ఎదురుగా వచ్చి నిలబడుతున్నాడని నాకు అర్థమైంది. వాసన పోయినా, “ఏమో, సరిగ్గా తెలియలేదు, రేపు మళ్లీ చూద్దాం” అనేదాన్ని.

చివరికి కుదిరింది. ఫ్రిజ్‌లో పెట్టి తీసినా తేటగానే ఉంది, కిటికీలో ఎండకు పెట్టినా మారలేదు. మంచులా పడింది. నోరంతా చల్లగా, పాతదాని కన్నా ఘాటుగా పుదీనా. నేను ఊదించి చూసి, “ఉల్లిపాయ ఆనవాలు లేదురా” అన్నాను, ఈసారి నిజంగానే. యజమాని లేబుల్ మీద పచ్చటి అక్షరాలతో ‘ఆల్కహాల్ లేదు’ అని అచ్చువేయించాడు. మొదటి పెట్టె బెల్టు మీదికి వచ్చిన రోజు మా తమ్ముడు కిందికి దిగొచ్చి, ఒక సీసా తీసుకుని, రుమాలుతో తుడిచి జేబులో పెట్టుకున్నాడు. వాడు అలా నవ్వడం చూసి ఎన్నాళ్లయిందో.

ఆ ఆదివారం కొత్త చొక్కా వేసుకున్నాడు. అప్పటికి నెల రోజులుగా ల్యాబులో స్పిరిట్ డబ్బా మూత తీయలేదు. బస్సు దిగాక మలుపులో నిలబడి స్ప్రే కొట్టుకున్నాడు. ఆ మలుపు చూస్తే నాకు పాత మలుపు గుర్తొచ్చింది గానీ, పోనీలే, ఇది వేరే కదా అనుకున్నాను.

అమ్మలు తలుపు తీసింది. వాడు ఎప్పటిలా కుర్చీ వైపు వెళ్లకుండా రెండడుగులు దాని దగ్గరికి వేశాడు. జేబులోంచి సీసా తీసి చేతిలో పెట్టాడు.

“చూడమ్మా, నేనే చేశాను. ఇందులో చుక్క మందు లేదు. ఇకనుంచి నా దగ్గర ఆ వాసన ఉండదు. కావాలంటే చూసుకో.”

అమ్మలు మూత తీసింది. వాసన చూడనక్కర్లేకపోయింది, వాడి నోట్లోంచి అప్పటికే పుదీనా గదంతా వచ్చేసింది. దాని మొహం పాలిపోయింది. వెనక్కి జరిగి గోడకు ఆనుకుంది. నాకు కోపం వచ్చింది.

“ఏమే! ఇంత కష్టపడి చేసుకొస్తే అలా చూస్తావేం? వాడు మానేసి ఎన్నేళ్లయింది? ఇంకా నమ్మవా?”

“నాన్న తాగట్లేదని నాకు తెలుసత్తా” అంది అమ్మలు. తర్వాత తండ్రి వైపు తిరిగింది. “నాన్నా, మందు వాసన ఎలా ఉంటుందో నాకు తెలీదు. నువ్వెప్పుడూ రానివ్వలేదుగా. నాకు తెలిసింది ఈ వాసనే. నువ్వొచ్చి నా దుప్పటి సర్దేవాడివి. నేను నిద్రపోతున్నాననుకుని నుదుటి మీద ముద్దు పెట్టేవాడివి. పుదీనా వచ్చేది. అది వస్తే, పొద్దున్న అమ్మ కళ్లు ఎలా ఉంటాయో నాకు తెలిసిపోయేది.”

లోపల గిలక చప్పుడు ఆగింది.

“కావాలని చెయ్యట్లేదు నాన్నా. నువ్వు దగ్గరికొస్తే కడుపులో తిప్పుతుంది. పాపకి ఆ వాసన తెలియకూడదు అనిపిస్తుంది. అంతే.”

మా తమ్ముడు సీసా దాని చేతిలోంచి మెల్లగా తీసుకుని, మూత బిగించి, జేబులో పెట్టుకున్నాడు. “సరేనమ్మా” అన్నాడు. టీ తాగకుండానే వచ్చేశాం. బస్సులో కిటికీ పక్కన కూర్చుని నోటికి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు, దిగేదాకా తీయలేదు. నేను ఉప్పుతో తోముకునే పిల్ల సంగతీ, స్నానం చేసిరా అత్తా అన్న పిల్ల సంగతీ తలుచుకుంటూ కూర్చున్నాను. ఒకే ఇంట్లో అన్నేళ్లు ఉంటూ నేను గ్రహించలేదు. వీడు మనవరాలి కోసం అన్ని నెలలు కూర్చుని ఆ పుదీనానే ఇంకాస్త ఘాటుగా చేశాడు.

సోమవారం నేను ల్యాబు మెట్ల దగ్గర కాపు కాశాను. వాడు రాగానే, “హా అను” అన్నాను. ఎందుకు అన్నానో వాడికి తెలిసింది. కాదనలేదు, కోప్పడలేదు. బుద్ధిగా హా అన్నాడు. టీ వాసన తప్ప ఏమీ లేదు. “పైకి వెళ్లనా అక్కా?” అన్నాడు. వెళ్లమన్నాను. తర్వాత లేబుళ్ల గదిలోకి వెళ్లి కాసేపు ఏడ్చాను.

సరుకు బ్రహ్మాండంగా అమ్ముడుపోయింది. ఆ డ్రైవరు వచ్చి తన డిపో మొత్తానికి కావాలన్నాడు. యజమాని అందరి ముందూ మా తమ్ముడి భుజం తట్టాడు. వాడు మాత్రం ఆదివారాలు రావడం మానేశాడు. ఏదో పని ఉంది అనేవాడు. గదిలో ఆ బ్రష్షూ గ్లాసూ తప్ప వాడికి ఏం పని ఉంటుందో నాకు తెలియదా.

కొన్నాళ్లకు ఒక మధ్యాహ్నం చిన్న సీసా పట్టుకుని పెరట్లోకి వచ్చాడు.

“పుదీనా తీసేశానక్కా. సోంపూ, యాలకులూ వేశాను. ఇదైతే అమ్మలుకి పడుతుందేమో చూడు.”

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. సీసా లాక్కుని దూరంగా విసిరేశాను.

“ఒరేయ్, నీకు బుద్ధి లేదా! ఇప్పుడు సోంపు కొట్టుకుని వెళ్తే, రేపట్నుంచి దానికి సోంపు కూడా పడదు. నేను పొద్దున లేస్తే మూతలు చూసే మనిషిని. నువ్వు ఏది కొట్టుకెళ్లినా అది మూతేరా!”

వాడు వెళ్లి ఆ సీసా ఏరుకుని, పగల్లేదని చూసి, పైకి వెళ్లిపోయాడు. నా నోటి దురుసుకు నన్ను నేనే తిట్టుకున్నాను. అయినా అన్నది అబద్ధం కాదు.

చలికాలంలో ఒకరోజు తెల్లవారుతుండగా అమ్మలు ఫోన్ చేసింది. అల్లుడు పని మీద వేరే ఊరు వెళ్లాడు. దీనికి జ్వరం, వాంతులు. “అత్తా, కళ్లు తిరుగుతున్నాయి. పాపని ఎత్తుకుంటే పడేస్తానేమోనని భయంగా ఉంది. రా అత్తా” అంది. దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్లాలి, దాని ఇల్లేమో రెండో అంతస్తు. నా మోకాళ్లతో ఒట్టి చేతులతో మెట్లు దిగడమే గగనం, పాపను ఎత్తుకుని ఎక్కడ దిగుతాను? దారిలో మా తమ్ముడి గది తలుపు దబదబా బాదాను. వాడు నిద్రకళ్లతో వచ్చాడు. ఒక్క ముక్క చెప్పానో లేదో, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుంటూ ఆటో ఎక్కేశాడు.

సగం దూరం వెళ్లాక జేబు తడుముకున్నాడు. జేబులో సీసా లేదు.

“అక్కా, నేను పళ్లు తోముకోలేదు.”

“తోముకోకపోతే చచ్చిపోవులే, కూర్చో.”

“అది కాదక్కా... అమ్మలు...”

“నోరు మూసుకో” అన్నాను. వాడు నిజంగానే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

మేం మెట్లెక్కేసరికి అమ్మలు తలుపు తీసుకుని గోడకు ఆనుకుని ఉంది. పెదాలు ఎండిపోయాయి. చంకలో పాప గుక్కపట్టి ఏడుస్తోంది. నేను రొప్పుతూ చేతులు చాపాను. అమ్మలు నా మోకాళ్ల వైపు చూసింది, తర్వాత నా వెనక్కి చూసింది. మా తమ్ముడు కిందనే, మూడు మెట్లు దిగువన ఆగిపోయి ఉన్నాడు. మొహం పక్కకు తిప్పుకుని, నోటి మీద చెయ్యి అలాగే పెట్టుకుని ఉన్నాడు.

“నాన్నా, ఇలా రా.”

రాలేదు. “తోముకోలేదమ్మా. లేచినవాణ్ణి లేచినట్టే వచ్చేశాను. అక్కకి ఇయ్యి పాపని” అన్నాడు చేతి వెనక నుంచి.

“ఇలా రమ్మన్నాను.”

వచ్చాడు.

“చెయ్యి తియ్యి.”

తీశాడు.

“హా అను.”

అచ్చం వాళ్లమ్మ గొంతు. మా తమ్ముడు కళ్లు మూసుకుని, కూతురి మొహానికి ఎదురుగా హా అన్నాడు. పక్కన నిలబడ్డ నాకే గుప్పుమని కొట్టింది. రాత్రి తిన్న ఉల్లిపాయ, నిద్ర, పాచి. మూత లేని మనిషి నోరు.

“ఛీ! ఏం కంపు నాన్నా!” అంది అమ్మలు. దాని కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. పాపను తీసి వాడి చేతుల్లో పెట్టింది.

జ్వరం నాలుగు రోజుల్లో తగ్గింది. ఆసుపత్రి వరండాలో ఆ పొద్దంతా పాప వాడి భుజం మీదే ఉంది. వాడి ముక్కు పట్టుకుని లాగింది, నోట్లో వేలు పెట్టింది. టీ కూడా తాగకుండా వాడు అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు మళ్లీ ఆదివారాలు వెళ్తున్నాం. దేశానికంతటికీ నోళ్లు సువాసన చేసి పంపే పెద్దమనిషి, ఆ ఒక్క రోజు మాత్రం పాచినోటితో బస్సెక్కుతాడు. పక్కన కూర్చునే ఖర్మ నాది. నేను కిటికీలోంచి తల బయట పెట్టి దారి పొడుగునా తిడుతూనే ఉంటాను. అమ్మలు గుమ్మంలోనే నిలబెట్టి హా అను అంటుంది, ముక్కు మూసుకుంటుంది, “వెళ్లు, వెళ్లి తోముకో ముందు” అని లోపలికి తోస్తుంది. వాళ్ల స్నానాలగదిలో అద్దం కింద అరలో ఒక గ్లాసు ఉంది. లవంగం పేస్టు పక్కన, అమ్మలుదీ అల్లుడిదీ పాప చిన్న బ్రష్షూ ఉన్న గ్లాసులో, మా తమ్ముడి బ్రష్ కూడా ఉంది.